దుబాసికి నోరుండదు

ఇంగ్లీషు వాళ్ళంత పిసినారులు లోకంలో ఉండరని అక్క అభిప్రాయం. అలాగని ఆవిడ ఇంగ్లీషు చదువుకున్నదేమీ కాదు. ప్యాంటు పొడుగూ, జిప్పూ, రేపు రమ్మనడమూ, అంతవరకే ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు. వీధి వైపు గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని, సాయంత్రం పనినుంచి వచ్చిన చెల్లెలు చెప్పే కబుర్లు విని విని ఆ నిర్ణయానికి వచ్చింది. ఒక్క మాట కొనుక్కుని ఇంటిల్లిపాదీ దాంతోనే సరిపెట్టుకుంటారట. 'రైట్' అంటే కుడి, 'రైట్' అంటే సరైనది, 'రైట్' అంటే హక్కు. 'లైట్' అంటే దీపం, 'లైట్' అంటే బరువు లేనిది, 'లైట్' అంటే లేత రంగు. 'పేషెంట్' అంటే రోగి, ఓపికున్నవాణ్ణి కూడా పేషెంటే అంటారట.

"అదొక్కటీ సరిగ్గా పెట్టారే," అంది అక్క, పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకునే. "ఓపిక లేకపోతే మీ ఆసుపత్రిలో ఎవడు కూర్చుంటాడు? మిగతావి మాత్రం ఒకే జాకెట్టు తల్లీ కూతురూ అమ్మమ్మా తొడుక్కున్నట్టున్నాయి. అందరూ అలా సరిపెట్టుకుంటే నాలాంటి దర్జీలు ఏమైపోవాలి?"

చెల్లెల్ని ఇంట్లో చిట్టి అంటారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి అక్క అంటుందని అర్థం. చిట్టి ఈ పరాయి దేశపు ఆసుపత్రిలో దుబాసి. డాక్టరు ఇంగ్లీషులో చెప్పింది రోగికి తెలుగులో, రోగి తెలుగులో చెప్పింది డాక్టరుకి ఇంగ్లీషులో అందించడం ఆమె పని. వినడానికి తేలికే, కానీ ఆ పనికి ఉన్న కట్టుబాట్లు కొత్త కోడలిక్కూడా ఉండవు. అన్న మాట అన్నట్టే చెప్పాలి. ఒక ముక్క కలపకూడదు, ఒక ముక్క మింగకూడదు. రోగి 'నేను' అంటే దుబాసి కూడా 'నేను' అనాలి. "ఆవిడకి నొప్పిగా ఉందట" అనడానికి లేదు, "నాకు నొప్పిగా ఉంది" అనాలి. డాక్టరు మాటలకీ అంతే. ఎదుటి మనిషి పచ్చి అబద్ధం ఆడుతున్నా సరే, ముఖం మీద ఈగ వాలినా కదలనట్టు కూర్చుని, ఆ అబద్ధాన్నే తు.చ. తప్పకుండా రెండో భాషలో పెట్టాలి. ఏదైనా మాట రెండు మూడు అర్థాలిచ్చి ఇబ్బంది పెడితే మాత్రం, చెయ్యెత్తి, "దుబాసి అడుగుతోంది" అని తన గురించి తానే మూడో మనిషిలా చెప్పుకుని, ఏ అర్థమో కనుక్కోవచ్చు. సొంతంగా నోరు తెరిచే వీలు అదొక్కటే. ఇక సొంతవాళ్ళకి దుబాసిగా కూర్చోకూడదన్నది అన్నిటికంటే పెద్ద కట్టుబాటు. అది తప్పినవాళ్ళ మెళ్ళోంచి ఆసుపత్రి కార్డు తీసేసుకుంటారు.

చెయ్యెత్తడంలో చిట్టి పేరు మోసింది. డాక్టరు 'అంకుల్' అంటే చెయ్యి లేచేది: బాబాయా, పెదనాన్నా, మామయ్యా? 'సిస్టర్' అంటే లేచేది: అక్కా, చెల్లెలా, నర్సమ్మా? 'వీ' అంటే లేచేది: మేమా, మనమా? ఆ తేడా తెలుగు వాళ్ళకి అన్నంత ముఖ్యమని కొందరు డాక్టర్లకి అర్థమయ్యేది, కొందరు గడియారం చూసుకునేవాళ్ళు.

"అంటే అక్కడ నీకు ఎదురు చెప్పే వీల్లేదన్నమాట," అని ఒకసారి అడిగింది అక్క.

"లేదు."

"ఎవరేమన్నా?"

"ఎవరేమన్నా. దుబాసికి సొంత నోరుండదు."

"ఆ ఉద్యోగమేదో ఇంట్లో కూడా చెయ్యవే తల్లీ, నాకు కాస్త తెరిపి."

అక్క ఆ మాట ఊరికే అనలేదు. ఇంట్లో అక్క ఒకటంటే చిట్టి నాలుగంటుంది. అక్క మాట మొదలుపెట్టడం వరకే, పూర్తి చెయ్యడం చిట్టి వంతు. అది కోపంతో కాదు. అక్క ఏం చెప్పబోతోందో తనకి ముందే తెలుసని ఆ పిల్లకి గట్టి నమ్మకం.

ఇప్పుడు అసలు సంగతి. కొంతకాలంగా అక్క కుడి చెయ్యి మొండికేస్తోంది. కత్తెర జారిపోతోంది. బొత్తాం కుట్టాలంటే సూదిలో దారం ఎక్కించి పెట్టమని చిట్టిని పిలుస్తోంది, కళ్ళు ఆనడం లేదన్న సాకుతో. ఎప్పట్నుంచంటే ఈమధ్యనే అనేది, ఏమయిందని అడిగితే తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో ఒకటి తీసి, "ఫైన్" అనేది.

"ఏ ఫైనక్కా? బాగుండటమా, జరిమానానా?"

"నీకేది కావాలంటే అది."

ఇంకోవైపు చిట్టికి ఇంకో పట్టణంలో, కోర్టులో దుబాసిగా పిలుపొచ్చింది. ఇక్కడిలా పిలిచిన రోజు పనీ, పిలవని రోజు ఖాళీ కాదు. శాశ్వత ఉద్యోగం. వచ్చే నెలలో చేరాలి. ఈ ఆసుపత్రి వాళ్ళు మంచి మాట చెప్పబట్టే ఆ పిలుపు వచ్చింది. చిట్టి వెళ్తాననీ అనలేదు, వెళ్ళననీ అనలేదు. "చూద్దాంలే" అంటోంది. ఆ చూద్దాంలే వెనక ఉన్నది తన చెయ్యేనని అక్కకి తెలుసు. అందుకే ఫైన్ అంటోంది. ఇద్దరూ ఒకరికొకరు ఆ ముక్క చెప్పుకుంటే సరిపోయేది. చెప్పుకోలేదు.

ఆ రోజు చిట్టికి పొద్దుటి నుంచీ పని తెగలేదు. పిల్లల వార్డులో ఒక తండ్రికి, గుండె డాక్టరు దగ్గర ఒక ముసలాయనకి మాట అందించి, మధ్యాహ్నం చేతుల డాక్టరు గదికి వచ్చింది. రోగి పేరు దుబాసులకి ముందుగా చెప్పరు. తలుపు తోసి లోపలికి అడుగుపెట్టేసరికి, రోగి కుర్చీలో ఒళ్ళో సంచీ పెట్టుకుని అక్క కూర్చుని ఉంది.

ఇందులో మాయమర్మం ఏమీ లేదు. జిప్పులు వేయించుకునే ఒకావిడ సాయంతో అక్క ఎప్పుడో ఫోను చేయించి, చెల్లెలికి చెప్పకుండా తన వంతు కోసం నెలల తరబడి కాచుక్కూర్చుంది. తెలుగు దుబాసి కావాలని కూడా చెప్పించింది. తెలుగు దుబాసులు ఆసుపత్రిలో ముగ్గురున్నారు, వచ్చేది తన చెల్లెలే అవుతుందని అనుకోలేదు. ఆసుపత్రి వాళ్ళకి అనుమానం రాకపోవడానికి కారణం ఇంటిపేరు. బావ పోయి చాలా కాలమైంది. ఆయన ఇంటిపేరు మాత్రం అక్క దగ్గరే ఉండిపోయింది.

చిట్టి గతుక్కుమంది. డాక్టరమ్మ అటు తిరిగి చేతులు కడుక్కుంటోంది. అక్క ఆవిడ వీపు వంకే చూస్తూ, మెల్లగా, ఒక్కొక్క మాటా నొక్కి అంది.

"నోరెత్తావంటే చూడు. ఈ రోజు కోసం ఎన్ని నెలలు ఎదురుచూశానో నాకు తెలుసు. ఈ గదిలో నువ్వు నాకేమీ కావు."

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగి, ఆవిడేమంటోందని చిట్టిని అడిగింది.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెబితే ఏమవుతుందో చిట్టికి తెలుసు. ఇంకో దుబాసి ఖాళీగా ఉండడు, అక్క వంతు పోతుంది, మళ్ళీ నెలలు. ఫోన్లో దుబాసిని పిలవడం అనేది ఆగడానికి వీల్లేని కేసులకే. చిట్టి గొంతు సవరించుకుంది.

"ఈ రోజు కోసం ఎన్నో నెలలుగా ఎదురుచూస్తున్నాను," అంది ఇంగ్లీషులో, అక్క తరఫున.

సగం చెప్పింది, సగం మింగింది. ఆ ఉద్యోగంలో చేరాక మింగిన మొదటి ముక్క అది. అక్కడే తప్పు జరిగిపోయింది. ఇక ఇద్దరి మధ్యా ఉన్న దుబాసి కుర్చీలో కూర్చుంది. గోడవారగా చుట్టాల కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉంది.

"మీకు ఈ తిమ్మిరి ఎప్పట్నుంచి ఉంది?" అంది డాక్టరమ్మ మాటని తెలుగు చేస్తూ.

బుద్ధెరిగాక అక్కని 'మీరు' అనడం అదే మొదలు. ఇంగ్లీషులో 'యూ' ఒక్కటే. నువ్వూ అదే, మీరూ అదే, వీధిలో కుక్కపిల్లకీ అదే. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఏదో ఒకటి దుబాసే ఎంచుకోవాలి, పని చోట ఎంచుకునేది 'మీరు'. అక్క పెదవి చివర కదిలింది. నవ్వు ఆపుకుంటోందని చిట్టికి తెలుసు.

"రెండేళ్ళ పైనే అయిందండీ," అంది అక్క.

ఇంట్లో చెప్పిన లెక్క 'ఈమధ్యనే'. చిట్టికి ఒళ్ళు మండింది. ఇంట్లో అయితే ఒంటికాలి మీద లేచేది. ఇక్కడ లేవడానికి లేదు. రెండేళ్ళ పైనే అని ఇంగ్లీషులో చెప్పి నోరు మూసుకుంది.

అక్క ఓరగా చూసింది. ఎప్పటిలా మీద పడుతుందేమోనని కాసేపు ఆగింది. పడలేదు. అప్పుడు అక్క కుర్చీలో వెనక్కి జరిగి సర్దుకుని కూర్చుంది. పెద్ద బట్ట కత్తిరించే ముందు ఆవిడ అలాగే కూర్చుంటుంది. ఈ గదిలో తన మాట చివరికంటా సాగుతుందని, చెల్లెలు చచ్చినట్టు వినడమే కాకుండా తన నోటితో పలకాలని కూడా ఆవిడకి అర్థమైపోయింది.

"దేనికి ఇబ్బందిగా ఉంటోంది?"

"దేనికి లేదని అడగండి. పోయిన నెల మిషను సూది వేలిలో దిగింది. దిగినట్టు నాకు తెలీలేదు. తెల్ల చొక్కా కుడుతున్నాను. దాని మీద ఎర్రగా కనిపిస్తే, ఇదెవరి రక్తమా అని చుట్టూ చూశాను."

ఆ వేలికి కట్టు కట్టింది చిట్టే. కత్తెర గీసుకుందని అక్క చెప్పింది అప్పుడు. 'ఇదెవరి రక్తమా అని చుట్టూ చూశాను' అని ఇంగ్లీషులో చెబుతుంటే చిట్టి చూపు ఆ వేలి మీదికి పోయింది. డాక్టరమ్మ గమనించలేదు. అక్క గమనించింది, కానీ ఆగలేదు.

డాక్టరమ్మ అక్క చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టించి, కళ్ళు మూసుకోమంది. ఒక చేత్తో సన్నటి సూది, ఇంకో చేత్తో దూది తీసుకుంది. 'షార్ప్'గా ఉన్నప్పుడు షార్ప్ అనాలి, 'డల్'గా ఉన్నప్పుడు డల్ అనాలి అంది. కత్తికున్నదీ షార్పే, చురుకైన పిల్లవాడూ షార్పే, చెప్పిన వేళకి ఠంచనుగా రావడమూ షార్పే. మబ్బు పట్టిన రోజూ డల్లే, మొద్దు బుర్రా డల్లే. ఇక్కడ కావలసింది చర్మానికి తెలిసే తేడా. చిట్టి ఆలోచించి చెప్పింది.

"ఇప్పుడు మీ వేళ్ళని తాకుతాను. గుచ్చుకున్నట్టుంటే గుచ్చుకుంది అనండి. మెత్తగా తగిలినట్టుంటే తగిలింది అనండి."

అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. డాక్టరమ్మ బొటనవేలి మీద సూది పెట్టి నొక్కింది. తర్వాత చూపుడు వేలి మీద. తర్వాత నడిమి వేలి మీద. డాక్టరమ్మ మళ్ళీ బొటనవేలి దగ్గరికి వచ్చి ఇంకాస్త గట్టిగా నొక్కింది.

"ఎప్పుడు మొదలెడతారండీ?" అంది అక్క కళ్ళు మూసుకునే.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. చిట్టి ఆ ప్రశ్నని ఇంగ్లీషు చేసింది. డాక్టరమ్మ సూది పక్కన పెట్టింది.

ఆ తర్వాత డాక్టరమ్మ 'వీ' అని మొదలుపెట్టి, ఇక ఆలస్యం చెయ్యకూడదంది. అలవాటు కొద్దీ చిట్టి చెయ్యి లేచింది.

"దుబాసి అడుగుతోంది. ఆ 'వీ'లో పేషెంటు కూడా ఉన్నారా, ఆసుపత్రి వాళ్ళు మాత్రమేనా?"

డాక్టరమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది. తనని ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదంది. అందరం ఉన్నాం అంది.

"మనం ఇక ఆలస్యం చెయ్యకూడదు," అంది చిట్టి అక్కతో. మిగతాది కూడా వరసగా చెప్పింది. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోంది. బొటనవేలి మొదట్లో కండ పల్చబడటం మొదలైంది. మణికట్టు దగ్గర చిన్న కోత పెట్టి నరానికి చోటిస్తే, పోయిన స్పర్శ చాలావరకు తిరిగి రావచ్చు. ఇలాగే వదిలేస్తే పోయింది పోయినట్టే, ఇక కత్తెర పట్టలేరు. వచ్చే గురువారం ఒకరు రావడం మానుకున్నారు, ఆ చోటు మీకిస్తాను.

చిట్టి చెబుతున్నది డాక్టరమ్మ మాటే. కానీ 'కత్తెర పట్టలేరు' అన్నది తన నోటితోనే అక్కకి చెప్పాల్సి వచ్చింది.

"గురువారం వద్దండీ," అంది అక్క. "వచ్చే నెల దాటాక పెట్టండి."

ఎందుకని అడిగింది డాక్టరమ్మ.

"నాకో చెల్లెలుందండీ. దానికి వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల వెళ్ళాలి. ఇప్పుడు నా చేతికి కట్టు చూసిందంటే కదలదు. అందుకని అది వెళ్ళాక చేయించుకుంటాను."

చిట్టి ప్రతి ముక్కా చెప్పింది. 'నాకో చెల్లెలుంది' అన్నప్పుడు అక్క తన వైపు చూడలేదు, తను అక్క వైపు చూడలేదు.

మీ చెల్లెలికి ఈ సంగతి చెప్పారా అని అడిగింది డాక్టరమ్మ.

"చెప్పలేదండీ. చెప్పనివ్వదు. నేను నోరు తెరిచేలోగా అదే నాలుగు చెప్పేస్తుంది. మంచిదే, నా మీద ప్రాణం పెట్టుకుంది. చిన్నప్పుడు నా కొంగు పట్టుకుని వదిలేది కాదు. ఇప్పుడు నేను దాని కొంగు పట్టుకుని వేలాడుతున్నట్టుంది నాకు. అది వెళ్తే బెంగగా ఉంటుంది, ఎందుకుండదు. బెంగతో ఎవరూ చావరు. కానీ నా చెయ్యి అడ్డంపడి అది ఆగిపోతే మాత్రం, ఆ చెయ్యి బాగుపడినా నాకొద్దు."

ఇంత పొడుగు మాట అక్క నోటినుంచి చిట్టి ఎప్పుడూ వినలేదు. విననివ్వలేదని అనాలేమో. బెంగ దగ్గర ఆమె నాలుక ఆగింది. ఇంగ్లీషులో ఆ చోట వాడే మాట 'మిస్'. బస్సు తప్పిపోయినా మిస్సే, రాయి గురి తప్పినా మిస్సే, పెళ్ళికాని పిల్లా మిస్సే. అక్క బెంగని ఆ మాటలోనే సర్దింది, వేరే దారి లేదు. అవతలికి ఎంత చేరిందో చిట్టికి తెలీదు. ఇవతల ఉన్నదంతా మాత్రం ఆమె మీదే పడింది. తను వెళ్ళకుండా ఆగుతున్నది అక్క కోసమనుకుంది ఇన్నాళ్ళూ. అక్క చెయ్యి చచ్చుబడుతున్నది తన కోసమని ఇప్పుడు తెలిసింది. ఏడుపు వచ్చింది. దుబాసి ఏడవకూడదు కాబట్టి దగ్గింది.

డాక్టరమ్మ ముందుకు వంగింది. ఆవిడ గొంతు మెత్తబడింది, మాట మాత్రం మారలేదు. వచ్చే నెల దాకా ఆగడానికి వీల్లేదు. గురువారమే. అయితే ఒకటి, కుడి చేతికి కట్టుతో ఖాళీ ఇంటికి ఎవర్నీ పంపించం. మొదటి కొద్ది రోజులూ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. ఎవరున్నారు?

చిట్టి దాన్ని తెలుగులో చెప్పింది. అక్క ఆలోచించింది. సంచీ పట్టీని ఎడమ చేతికి చుట్టుకుంది, విప్పింది. తర్వాత డాక్టరమ్మ కళ్ళలోకి చూసింది.

"గురువారమే పెట్టండి, ఒక్కదాన్నే చూసుకుంటాను. చెల్లెల్ని లెక్కలోకి తీసుకోకండి, అది వెళ్ళిపోతుంది. నాకెవరూ లేరు."

చిట్టి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. గురువారమే పెట్టండి అంది. ఒక్కదాన్నే చూసుకుంటాను అంది. చెల్లెల్ని లెక్కలోకి తీసుకోకండి అని కూడా, ఎలాగో, అంది. చివరి ముక్క దగ్గరికి వచ్చి 'నాకు' అన్నంత వరకే సాగింది. తర్వాతి మాట రాలేదు. డాక్టరమ్మ ఎదురుచూస్తోంది.

చిట్టి చెయ్యి పైకి లేచింది.

"దుబాసి..." అంది. అడగడానికేమీ లేదు. అక్క అన్న మాటల్లో దేనికీ రెండో అర్థం లేదు. ఎవరినీ ఏమీ కనుక్కోనక్కర్లేదు. అయినా చెయ్యి దించలేదు.

"దుబాసి చెబుతోంది. ఆవిడ ఇప్పుడన్నది అబద్ధం. ఆవిడకి చెల్లెలుంది. ఆ చెల్లెలు ఈ దుబాసే."

డాక్టరమ్మ కలం మూత పెట్టింది. గదిలో మొదట్నుంచీ జరిగిందంతా మనసులో వెనక్కి తిప్పుకుంటున్నట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరి గడ్డాలూ ఒకటేనని అప్పుడు గమనించినట్టుంది. కోప్పడలేదు. మీరు ఆ కుర్చీలోంచి లేవాలి, నేను పైవాళ్ళకి చెప్పక తప్పదు అంది. తెలుసు అంది చిట్టి. మెళ్ళో కార్డు తీసి బల్ల మీద పెట్టి, వెళ్ళి గోడవారగా ఉన్న చుట్టాల కుర్చీలో కూర్చుంది. ఆ గదిలోకి ఎన్నోసార్లు వచ్చింది గానీ ఆ కుర్చీలో కూర్చోవడం ఎప్పుడూ లేదు.

"ఏమన్నావే?" అంది అక్క కంగారుగా. "కార్డెందుకు తీశావు? నేను చెప్పింది చెప్పావా లేదా?"

"చెప్పలేదు."

"అదేంటి, చెప్పకుండా ఉండకూడదుగా?"

"ఉండకూడదు."

డాక్టరమ్మ ఇది ఆగే కేసు కాదని చెప్పి ఫోన్లో ఇంకో దుబాసిని పిలిపించింది. ఎక్కడినుంచో ఒక పెద్దాయన గొంతు పలికింది. నిదానంగా, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికే గొంతు. ఆయన వెనక ఎక్కడో తలుపు కిర్రుమంది. డాక్టరమ్మ ఆయనకి సంగతి చెప్పింది: ఇక్కడ పేషెంటు, ఆవిడ సిస్టర్, ఇద్దరున్నారు.

"దుబాసి అడుగుతున్నాడు," అంది గొంతు రెండు భాషల్లోనూ. "సిస్టర్ అంటే అక్కగారా, చెల్లెలుగారా?"

అక్కా చెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చెల్లెలు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"నోరు కాస్త ఎక్కువ," అని కలిపింది అక్క.

పెద్దాయన ఆ ముక్క కూడా తు.చ. తప్పకుండా ఇంగ్లీషు చేశాడు. డాక్టరమ్మ నవ్వింది. తర్వాత చిట్టి వైపు తిరిగి ఒక ప్రశ్న వేసింది. చిట్టి ఇంగ్లీషులో జవాబు చెప్పబోయింది. వద్దు, ఇప్పుడు మీరు దుబాసి కాదు, ఆవిడ మనిషి, మీ అక్కకి అర్థమయ్యేలా తెలుగులో చెప్పండి అంది డాక్టరమ్మ.

"మీరు మీ అక్కగారి దగ్గర ఉంటారా?" అంది ఫోన్లో గొంతు.

"నేను ఉంటాను," అంది చిట్టి.

పెద్దాయన దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఈ గదుల్లో చిట్టి ఎంతమంది తరఫునో 'నేను' అంది. గుండెనొప్పి మనిషి తరఫున అంది, కొడుకుని పోగొట్టుకున్న తల్లి తరఫున అంది. తన తరఫున అనడం ఇదే మొదలు. ఏమీ సర్దనక్కర్లేకుండా ఆ మాట హాయిగా బయటికి వచ్చింది.

"దాని ఉద్యోగం సంగతి చెప్పండి బాబూ," అంది అక్క ఫోను వైపు వంగి, అందులో మనిషి కనిపిస్తాడేమో అన్నట్టు. "కోర్టులో ఉద్యోగం. ఎవరికి పడితే వాళ్ళకి రాదు."

"ఉద్యోగం ఆగుతుందేమో అడుగుతాను," అంది చిట్టి. "ఇవాళ నేను చేసిన నిర్వాకానికి ఆగకపోవచ్చు కూడా. ఆగితే నీ కట్టు విప్పాక వెళ్తాను. వెళ్ళి తీరతాను, ఒట్టు. ఆగకపోతే ఇంకోటి వెతుక్కుంటాను. చెయ్యి మాత్రం ఆగదక్కా. రేపు నువ్వు కత్తెర పట్టలేకపోతే బతికినన్నాళ్ళూ నా బుర్ర తింటావు."

ఫోన్లో గొంతు బుర్ర తినడం దగ్గర కాస్త తడబడి, ఏదో చెప్పింది. డాక్టరమ్మ కనుబొమలు పైకి లేచాయి.

అక్క సూదులు గుచ్చినా తెలియని తన వేళ్ళ వైపు చూసుకుంది. బొటనవేలూ చూపుడు వేలూ ఒకదానికొకటి రాసింది, బట్ట మెత్తదనం చూసేటప్పుడు దర్జీలు రాసినట్టు. అక్కడ ఏమీ తెలిసినట్టు లేదు.

"గురువారం ఎన్నింటికి రమ్మంటారో అడగండి," అంది ఫోనుతో.

బయటికి వచ్చి వరండాలో నడుస్తుంటే చిట్టి సంచీలో ఫోను మోగింది. దుబాసుల మీద పెత్తనం చేసే ఆవిడ. కబురు అప్పుడే చేరినట్టుంది. బస్సెక్కాక మాట్లాడొచ్చులే అని చిట్టి దాన్ని ఆపేసింది. మెడ దగ్గర కార్డు లేక బోసిగా ఉంది. రెండుసార్లు చెయ్యి అక్కడికి వెళ్ళి ఊరికే తిరిగి వచ్చింది. అక్క అది చూసింది.

"అన్నీ చెప్పావు," అంది కాసేపటికి. "సూది సంగతి చెప్పావు. కొంగు సంగతి చెప్పావు. బెంగ సంగతి కూడా చెప్పావు. ఆ చివరి ముక్క ఒక్కటీ ఎందుకు చెప్పలేదే?"

"ఏ ముక్క?"

"తెలీనట్టు. నాకెవరూ లేరన్న ముక్క."

చిట్టి అడుగు వేగం పెంచింది.

"దానికి ఇంగ్లీషులో మాట లేదక్కా."

అక్క ఆగి నిలబడింది. ఒక్కో మాటకి నాలుగేసి అర్థాలు కుట్టుకుని తిరిగే ఆ పిసినారి భాష గురించి ఇంతకాలం తను విన్నదంతా తలుచుకుంటున్నట్టు చూసింది.

"ఒక్కటి కూడా లేదా?"

"లేదు."

"అబద్ధాలకోరువే నువ్వు," అంది అక్క.

చేతిలోంచి జారిపోబోతున్న సంచీని చెల్లెలికి అందించింది. ఇద్దరూ బస్సు ఆగే చోటికి నడిచారు.